తగరపు డోలు మీద ఇనుప చక్రం

కళాయి పోసే మనిషి సంచిలోని రెండు వస్తువులతో ఒక శాస్త్రజ్ఞుని జీవితకాలపు కృషి

సూర్యాపేట: స్టీలు గిన్నెలు వచ్చిన తరువాత ఆ ముచ్చట మరుగున పడింది గాని, ఒకప్పుడు కళాయి పోసే మనిషి వాడలోకి వచ్చాడంటే ఆడవాళ్ళు ఇత్తడి గిన్నెలు, రాగి చెంబులు పట్టుకుని బయటికి వచ్చేవారు. అతను వేపచెట్టు నీడన చిన్న గుంట తవ్వి, తోలు తిత్తి అమర్చి, బొగ్గులు రాజేసేవాడు. గిన్నె బాగా కాగిన తరువాత తెల్లని పొడి ఒకటి చల్లేవాడు. గుప్పున తెల్లటి పొగ లేచేది. ఆ పొగలోనే తగరపు కడ్డీని గిన్నె లోపల రాసి, దూదితో ఒక్క చుట్టు తుడిచేవాడు. నల్లబడిన గిన్నె వెండిలా మెరిసేది. చుట్టూ మూగిన పిల్లలకు అది గారడీ.

కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాచితే చిలుము పడుతుంది. ఆ పులుసు తింటే వాంతులే. కాబట్టి కళాయి అందానికి కాదు, ప్రాణానికి. ఆ మనిషి చల్లిన తెల్లపొడి పేరు నవసాగరం. లోహం మీది మురికి పొరను అది తినేస్తుంది. అప్పుడే తగరం గిన్నెను పట్టుకుంటుంది.

ఈ తగరాన్నీ ఈ నవసాగరాన్నీ పట్టుకుని ఒక శాస్త్రజ్ఞుడు దేశం మెచ్చే పరిశోధన చేశాడంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పాఠకులకు ఆశ్చర్యం కలగవచ్చు. ఆయన ఆచార్య వాడపల్లి చంద్రశేఖర్. ఇంటిపేరు వినగానే మిర్యాలగూడ ప్రాంతం వారికి కృష్ణ, మూసీ కలిసే చోటనున్న వాడపల్లి గుర్తుకు రావడం సహజం. ఆయన మన ఊరివాడని చెప్పుకునేందుకు కాదు ఈ వ్యాసం. ఆయన చేసిన పని మన వీధికి ఎంత దగ్గరదో చెప్పేందుకు.

పొట్లంలోని ఉప్పు

ముందుగా ఈ విలేకరి తన సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఇంటర్మీడియట్‌లో రసాయన శాస్త్రం ప్రాక్టికల్ పరీక్షకు ఒక చిన్న పొట్లంలో తెల్లని లవణం ఇస్తారు. అదేమిటో పరీక్షలు చేసి కనుక్కోవాలి. చదివిన కాలేజీలో ప్రయోగశాల తాళం పరీక్షలకు కొద్ది రోజుల ముందు గాని తీయలేదు. రికార్డు పుస్తకం సీనియర్ల దగ్గర తెచ్చుకుని చూసి రాసిందే. పరీక్ష నాడు పొట్లంలో ఏముందో ముందే చెవిన పడింది. అమ్మోనియం క్లోరైడ్ అని రాశాము. మార్కులు వచ్చాయి.

ఆ అమ్మోనియం క్లోరైడే కళాయి మనిషి చల్లిన నవసాగరమని తెలిసింది ఎన్నో ఏళ్ళ తరువాత. చిన్నప్పుడు కళ్ళారా చూసిన పొగనూ, కాలేజీలో చేతికందిన పొట్లాన్నీ కలిపి చెప్పినవారు లేరు. అడగాలని మాకూ తోచలేదు. ఆ రెండూ కలిసిన చోటే అసలు చదువు మొదలవుతుందని చంద్రశేఖర్ గారి కృషి చూస్తే తెలుస్తుంది.

ఉస్మానియా నుంచి బెంగుళూరుకు

చంద్రశేఖర్ 1977లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి ఎమ్మెస్సీ పట్టా పొందారు. మన ప్రాంతం నుంచి డిగ్రీ ముగించిన రసాయన శాస్త్ర విద్యార్థులు తరతరాలుగా ఎక్కుతున్న గడప అదే. అక్కడి నుంచి బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు వెళ్ళి, ఆచార్య ఎస్.ఎస్. కృష్ణమూర్తి వద్ద పరిశోధన చేసి 1982లో డాక్టరేట్ అందుకున్నారు.

అక్కడ ఆయన పని చేసిన పదార్థాల పేరు ఫాస్ఫజీన్లు. పేరు కొత్తగా ఉన్నా పుట్టుక తెలిసిందే. భాస్వరం, క్లోరిన్ కలిసిన ఒక పదార్థాన్ని నవసాగరంతో కలిపి తగిన ద్రావకంలో కాచితే ఈ ఫాస్ఫజీన్ తయారవుతుంది. మూడు భాస్వరం పరమాణువులు, మూడు నత్రజని పరమాణువులు ఒకటి విడిచి ఒకటి చేతులు పట్టుకుని గుండ్రంగా నిలుస్తాయి. బతుకమ్మ ఆటలో ఆరుగురు ఆడపడుచులు గుండ్రంగా నిలిచినట్టు. భాస్వరం ఒక్కొక్క దానికి రెండేసి క్లోరిన్లు అంటుకుని ఉంటాయి. ఆ క్లోరిన్లను ఊడదీసి వాటి స్థానంలో మనకు కావలసినవి తగిలించవచ్చు. ఏది ముందు ఊడుతుంది, కొత్తది ఏ పక్కన చేరుతుంది అన్నదే పరిశోధన.

ఆ వలయాన్ని బాగా వేడి చేస్తే తెగి, ఒకదానికొకటి అతుక్కుని పొడుగాటి గొలుసు అవుతుంది. 19వ శతాబ్దంలోనే దాన్ని చూసిన వారు 'కర్బనం లేని రబ్బరు' అన్నారు. అయితే నీటి తడికి అది చెడిపోయేది. క్లోరిన్ల స్థానంలో వేరే గుంపులు తగిలించి దాన్ని నిలబడేటట్టు చేసినది 1960లలో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆల్‌కాక్. ఈ వలయాలు, గొలుసుల మీద చంద్రశేఖర్ రాసిన ఆంగ్ల పాఠ్యగ్రంథం 2005లో స్ప్రింగర్ సంస్థ ద్వారా వెలువడింది.

ఒకే నిలువు వరుస

ఆయన రెండో పట్టు తగరం. అది తెలియాలంటే ఆవర్తన పట్టికలో ఒక నిలువు వరుస చూడాలి. తరగతి గోడ మీద వేలాడే ఆ పట్టికలో 14వ వరుసలో పైనుంచి కిందికి కర్బనం, సిలికాన్, జర్మేనియం, తగరం, సీసం ఉంటాయి. అయిదుగురూ ఒక ఇంటివారే. ప్రతి ఒక్కరికీ బయటికి నాలుగు చేతులు.

ఈ ఇంటివారు మన మూడు పట్టణాల్లోనూ ఉన్నారు. కర్బనం కళాయి కుంపటిలోని బొగ్గు. తగరం ఆ కళాయే. సిలికాన్ కోసం మిర్యాలగూడ వెళ్ళాలి. సాగర్ ఎడమ కాలువ నీళ్ళతో పండిన ధాన్యం అక్కడి మిల్లులకు చేరుతుంది. ధాన్యం బరువులో దాదాపు అయిదో వంతు పొట్టు. ఉప్పుడు బియ్యానికి ఆవిరి కోసం ఆ పొట్టును బాయిలర్లలో కాలుస్తారు. గాలికి ఎగిరి కళ్ళలో పడి జనాన్ని సతాయించే ఆ బూడిదలో నూటికి 85 నుంచి 95 పాళ్ళు సిలికా. అంటే సిలికాన్, ప్రాణవాయువు కలిసిన పదార్థం. సిలికాన్‌కు కర్బనాన్ని జోడిస్తే పాలసీసా పీకల నుంచి కుక్కరు రబ్బరు దాకా పనికివచ్చే సిలికోన్ అవుతుంది.

ఇక సీసం. కోదాడ మీదుగా పోయే హైదరాబాద్ - విజయవాడ రహదారి పక్క పెట్రోలు బంకుల్లో 'సీసం లేని పెట్రోలు' అనే మాట పెద్దవారు చూసే ఉంటారు. ఇంజను కొట్టుకోకుండా ఉండేందుకు 1920ల నుంచి ప్రపంచమంతటా పెట్రోలులో సీసానికి కర్బనం జోడించిన ద్రవాన్ని కలిపేవారు. పొగతో పాటు ఆ సీసం గాలిలో చేరి పిల్లల మెదడును దెబ్బతీసింది. మన దేశంలో 2000 సంవత్సరం నుంచి దాన్ని మానేశారు. ప్రపంచంలో ఆఖరున అల్జీరియా 2021లో మానింది.

లోహానికి కర్బనం నేరుగా అంటుకుని ఉన్న ఇలాంటి పదార్థాలనే కర్బన లోహ సమ్మేళనాలు, ఇంగ్లీషు మాటలో ఆర్గనోమెటాలిక్స్ అంటారు. కర్బనం చేరితే లోహం గుణమే మారిపోతుంది. గిన్నెకు పూసిన తగరం మన అన్నానికి కాపలా. అదే తగరానికి కర్బనపు తోకలు మూడు తగిలించి ఓడల రంగులో కలిపితే అడుగున అంటుకునే నత్తలను చంపింది. సముద్రంలోని ఇతర జీవాలనూ చంపింది. ఆ రంగులను నిషేధించిన అంతర్జాతీయ ఒప్పందం 2008లో అమలులోకి వచ్చింది. ఎక్కడ ఏది ఎన్ని తగిలిస్తే ఏమవుతుందో ముందుగా తెలియాలి. తెలిపే పని ఈ శాస్త్రజ్ఞులది.

అమెరికాలో దొరికిన డోలు

డాక్టరేట్ తరువాత చంద్రశేఖర్ అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ హోమ్స్ అనే ఆచార్యుని బృందంలో చేరారు. కర్బనం అంటుకున్న తగరాన్ని ఆమ్లాలతో కలిపితే ఏమవుతుందో అక్కడ చూశారు. వచ్చిన స్ఫటికాల మీదికి ఎక్స్‌రే పంపి, అవి చెదిరిన తీరును బట్టి లోపల పరమాణువులు ఏ వరుసలో ఉన్నాయో లెక్క కడతారు. కళ్ళకు కనబడని దాన్ని చూసే పద్ధతి అది.

1980ల మధ్యలో ఆ బృందానికి కనబడిన ఆకారం అచ్చం డోలు. మూడు తగరాలు, మూడు ప్రాణవాయువులు కలిసి ఒక వలయం. అలాంటి వలయాలు రెండు ఒకదాని మీద ఒకటి. అవి డోలుకు రెండు మూతులు. డోలు మూతులను తాళ్ళతో బిగించినట్టు ఆరు ఆమ్లపు భాగాలు పక్కల నుంచి పైవలయాన్ని కింది వలయానికి బిగించి పట్టుకున్నాయి. ఇంకొన్నిటిలో మెట్ల నిచ్చెన ఆకారం వచ్చింది. శాస్త్ర పత్రాల్లోనూ వాటికి డోలు, నిచ్చెన అనే పేర్లే పెట్టారు.

అక్కడి నుంచి తిరిగి వచ్చి, బరోడాలోని ఇండియన్ పెట్రోకెమికల్స్ సంస్థలో కొంతకాలం పనిచేసి, 1987లో కాన్పూరు ఐఐటీలో అధ్యాపకులుగా చేరారు. ఆయన పేరు నిలిపిన పని చాలావరకు అక్కడ జరిగినదే.

చక్రం ఎక్కిన వైనం

ఇనుము కథ వేరే చోట మొదలైంది. 1951లో శాస్త్రజ్ఞులు ఇంకేదో చేయబోతే నారింజ రంగు పొడి ఒకటి అనుకోకుండా వచ్చింది. వాసన కర్పూరం లాంటిది. దాని పేరు ఫెర్రోసీన్. రెండు కర్బన వలయాల నడుమ ఒక ఇనుప పరమాణువు. రెండు రొట్టెల మధ్య బెల్లం ముక్క పెట్టినట్టు. ఇనుము ఇలా ఉండగలదని అంతవరకు ఎవరూ ఊహించలేదు. దాని తీరును విప్పి చెప్పి, ఆ బాటలో ముందుకు పోయినందుకు ఫిషర్, విల్కిన్సన్‌లకు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. ఫెర్రోసీన్‌కు ఒక మంచి గుణం ఉంది. ఒక ఎలక్ట్రాన్‌ను ఇస్తుంది. అడిగితే మళ్ళీ తీసుకుంటుంది. ఆ ఇచ్చిపుచ్చుకోడంలో విరగదు.

కాన్పూరులో చంద్రశేఖర్ బృందం ఆలోచన ఇది. డోలుకు తాళ్ళుగా నిలిచే ఆరు ఆమ్లాలకు ఒక్కొక్క ఫెర్రోసీన్ ముందే కట్టి పెడితే? తగరం తన అలవాటు ప్రకారం డోలు కట్టుకుంటుంది. ఆరు ఇనుములు తామంతట తాము దాని చుట్టూ చక్రంలా వచ్చి కూర్చోవాలి. అలాగే జరిగింది. ఆరు తగరపు అణువులు, ఆరు ఆమ్లపు అణువులు కలిసి ఒక డోలు అయ్యాయి. ఆరు నీటి అణువులు విడిపోయాయి. ఒక్క అంచెలోనే పని ముగిసింది. 2000లో జర్మనీ నుంచి వెలువడే ప్రసిద్ధ రసాయన శాస్త్ర పత్రికలో ఆ వ్యాసం అచ్చయింది. శీర్షికను తెలుగులో చెప్పుకుంటే 'తగరపు డోలు మీద ఇనుప చక్రం'. ఈ వ్యాసానికి పేరు అక్కడి నుంచి తీసుకున్నదే.

తరువాతి ఏళ్ళలో మరొక సంగతి తేలింది. ఇలాంటి తగరపు గూళ్ళు కట్టేందుకు పీపాల కొద్దీ ద్రావకం అక్కర లేదు. రెండు పొడులనూ కల్వంలో వేసి నూరితే చాలు. మన వైద్యులు మందు నూరిన తీరే. రసాయన ఫ్యాక్టరీల నుంచి చెరువుల్లోకి వచ్చే మురుగులో వాడి పారేసిన ద్రావకాలూ ఉంటాయి. కాబట్టి నూరి చేసే పద్ధతి చిన్న విషయం కాదు.

కావడి లాంటి అయస్కాంతం

భాస్వరాన్ని ఆయన వదలలేదు. భాస్వరానికి మూడు చేతులు తగిలించి, ఆ చేతులతో లోహాలను పట్టించడం మరొక పని. 2007లో ప్రచురించిన ఒక పదార్థంలో మూడు లోహాలు తిన్నగా ఒకే వరుసలో నిలిచాయి. రెండు చివరల కోబాల్టు, నడుమ గడోలినియం. భుజం మీది కావడి అనుకుంటే సరిపోతుంది. ఫ్రాన్సు, సింగపూరు శాస్త్రజ్ఞులు కూడా అందులో భాగస్వాములు.

ఆ కావడి విశేషం ఏమంటే, ఒక్కొక్క అణువూ విడిగా ఒక అయస్కాంతంలా నడుచుకుంటుంది. మైకు సెట్టు స్పీకరు వెనక ఉండే అయస్కాంతంలో లెక్కలేనన్ని పరమాణువులు ఒకే దిక్కుకు తిరిగి ఉంటేనే లాగే శక్తి వస్తుంది. ఇక్కడ ఒక్క అణువే ఆ పని చేస్తుంది. ఇలాంటి గుణం గల అణువును ప్రపంచంలో మొదట 1993లో మాంగనీసుతో చూశారు. ఒక్క అణువులో ఒక్క అక్షరం దాచగలిగితే గోరంత బిళ్ళలో గ్రంథాలయం పడుతుందని ఆశ. చిక్కల్లా చలి. ఇవి సున్నాకు దిగువన రెండు వందల డిగ్రీలు దాటిన చలిలోనే అయస్కాంతాలు. ద్రవ నత్రజని చలిలో నిలిచే అణువు 2018లో గాని రాలేదు. మన ఎండకు నిలిచేది ఇంకా రావలసి ఉంది.

ఇలా అణువునే కావలసిన తీరుగా కట్టి, దాని చేత పని చేయించాలనే శాఖను అణు పదార్థాల విజ్ఞానం అంటున్నారు. అణుబాంబుకూ దీనికీ సంబంధం లేదు.

2003లో చంద్రశేఖర్‌కు శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి లభించింది. మన దేశంలో విజ్ఞాన శాస్త్రంలో 45 ఏళ్ళలోపు వారికి ఇస్తూ వచ్చిన బహుమతుల్లో అది పేరెన్నికగన్నది. తరువాత భువనేశ్వర్‌లోని జాతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థకు, హైదరాబాద్‌లోని టాటా ఫండమెంటల్ పరిశోధన సంస్థ కేంద్రానికి డైరెక్టరుగా పనిచేశారు. ఉస్మానియాలో ఎమ్మెస్సీ చేసిన విద్యార్థి అదే నగరంలో పరిశోధన కేంద్రానికి పెద్దగా తిరిగి వచ్చారన్నమాట.

దీనివల్ల లాభమేమిటి?

హోటలు బెంచీ మీద ఈ సంగతి చెబితే ఎవరైనా అడిగే ప్రశ్న ఇది. తగరపు డోలు కొట్టులో దొరకదు. ఇనుప చక్రంతో బండి నడవదు. ఆ మాట నిజమే. అయితే 1951 నాటి ఫెర్రోసీన్ కూడా అప్పుడు ఏ పనికీ రాలేదు. దాని తోబుట్టువైన జిర్కోనియం పదార్థంతో ప్లాస్టిక్ తయారీ ఎంతో వేగంగా చేయవచ్చని 1980 ప్రాంతంలో జర్మనీలో కనుక్కున్నారు. నేడు సన్నగా ఉండి కూడా చిరగని ప్లాస్టిక్ పొరల్లో అలాంటి వాటితో చేసినవి ఉన్నాయి. నడుమ గడిచింది ముప్పై ఏళ్ళు. తాటి విత్తనం నాటినవాడు కల్లు తాగే రోజు కోసం కూర్చోడు గదా.

రెండో లాభం మనుషులు. డోలు కట్టడం నేర్చిన విద్యార్థి రేపు మందు కట్టగలడు, రంగు కట్టగలడు, మిర్యాలగూడ బూడిదకు విలువ కట్టగలడు. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీల్లో మన మండలాల నుంచి వెళ్ళి ఎమ్మెస్సీతో షిఫ్టు డ్యూటీలు చేస్తున్న కుర్రవాళ్ళు ఊరూరా ఉన్నారు. ఆ పని తక్కువది కాదు. కాని వారిలో ఎందరికి పరిశోధన అనే దారి ఒకటుందని పదిహేడో ఏట తెలుసు?

దారి ఇది

తెలియని వారి కోసం క్లుప్తంగా. ఇంటర్మీడియట్ కాగానే 'నెస్ట్' అనే ప్రవేశ పరీక్ష రాస్తే చంద్రశేఖర్ గారు డైరెక్టరుగా పనిచేసిన భువనేశ్వర్ సంస్థలో అయిదేళ్ళ ఎమ్మెస్సీకి పోటీ పడవచ్చు. డిగ్రీ తరువాతైతే 'జామ్' పరీక్ష రాసి ఐఐటీల్లో ఎమ్మెస్సీ చేయవచ్చు. ఎమ్మెస్సీ తరువాత సీఎస్ఐఆర్ వారి 'నెట్' పరీక్షలో ఫెలోషిప్పు దక్కితే పరిశోధనకు నెలనెలా భృతి ఇస్తారు. తండ్రి పొలం అమ్మవలసిన పని లేదు.

అన్నిటికన్నా ముందు జరగవలసిన పని ఒకటుంది. దానికి ఢిల్లీ నుంచి నిధులు రానక్కరలేదు. కాలేజీల్లో ప్రయోగశాల తాళం జూన్ నెలలోనే తీయాలి. పొట్లంలో ఏముందో పిల్లవాడికి ముందే చెప్పకూడదు. తప్పు చెబితే చెప్పనివ్వాలి. రెండోసారి చేయనివ్వాలి. సున్నం కలిపి వేడి చేస్తే గుప్పుమని ముక్కుపుటాలు అదిరే ఆ అమ్మోనియా వాసన ఒక్కసారి తగిలితే పుస్తకంలోని పాఠం జన్మలో మరచిపోడు. ఆ వాసన ఈ విలేకరికి తగలలేదు.

కళాయి మనిషి ఇప్పుడు సూర్యాపేట వీధుల్లో అరుదు. ఎప్పుడైనా తిత్తి చప్పుడు వినిపిస్తే పిల్లలను దగ్గరికి తీసుకుపోయి చూపించండి. బొగ్గు, తగరం, నవసాగరం అని ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపి పేర్లు చెప్పండి. అదీ ప్రయోగశాలే. దానికి తాళం లేదు.